తమ్ముడు గే అని ఇంట్లో తెలిశాక: ఫ్యామిలీ థెరపీకి ఎవరు ముందు రావాలి, అక్కడ ఏం జరుగుతుంది

మీరు రాసింది ముందు నాలుగు మాటల్లో చెబుతాను, ఇలాంటి పరిస్థితిలో ఉన్న వేరేవాళ్లు చదివినా అర్థం కావాలి కదా. మీ ఇల్లు కూకట్‌పల్లిలో. మీరు అక్క, మీకు 25 ఏళ్లు, ఉద్యోగం చేస్తున్నారు, ఇంట్లో మీకు సంబంధాలు చూస్తున్నారు. తమ్ముడికి 19, బీటెక్ రెండో ఏడు. నెల కిందట అమ్మ అతని ఫోన్‌లో చాటింగ్ చూసి నిలదీస్తే తాను గే అని చెప్పేశాడు. ఆ రోజు నుంచి ఫోన్ నాన్న దగ్గరే ఉంది, నాన్న అతనితో మాట్లాడటం లేదు. అమ్మకి తిండీ నిద్రా సరిగా లేవు. పెద్దనాన్నకి విషయం తెలిసి, ఇలాంటివాళ్లని మార్చే డాక్టరు ఒకాయన ఉన్నాడు, తీసుకెళ్దాం అంటున్నారు. ఫ్యామిలీ థెరపీ గురించి, అంటే ఇంట్లోవాళ్లతో విడివిడిగానూ కలిపీ మాట్లాడే చికిత్స గురించి, మీరు ఎక్కడో చదివారు. అది నిజంగా పనికొస్తుందా, అమ్మానాన్నల్ని ఎలా తీసుకెళ్లాలి అని అడిగారు.

పనికొస్తుంది. హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా కుటుంబాలతో ఈ పని చేస్తున్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. కాకపోతే మీరు ఊహించుకున్నట్టు ఉండకపోవచ్చు. నలుగురినీ ఒక గదిలో కూర్చోబెట్టి థెరపిస్టు నచ్చజెబితే సాయంత్రానికి అమ్మ తమ్ముణ్ణి దగ్గరికి తీసుకోవడం లాంటిది జరగదు. మొదటి కొన్ని వారాలు తమ్ముడి కంటే అమ్మానాన్నలతోనే ఎక్కువ పని ఉంటుంది, అదీ అతను ఆ గదిలో లేనప్పుడు. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

అంతకంటే ముందు చూడాల్సింది, ఈ రాత్రి అతను క్షేమంగా ఉన్నాడా అన్నది. మీ ఉత్తరంలో ఒక వాక్యం నన్ను ఆపింది: ‘వాడు ఈ మధ్య చాలా సైలెంట్ అయిపోయాడు, గొడవ కూడా పెట్టుకోవడం లేదు.’ ఇంట్లోవాళ్లు దీన్ని ‘తగ్గాడు, దారికొస్తున్నాడు’ అనుకుంటారు. నేను అలా అనుకోను. మీరే అతని దగ్గర కూర్చుని సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా రా?’ అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామందికి భయం. అలా జరగదు. అడిగేవాళ్లు ఒకరున్నారని తెలిస్తే చాలామంది కుర్రాళ్లు అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా చెప్పేస్తారు. అవునంటే ఉపన్యాసం ఇవ్వకండి, ఒట్లు వేయించుకోకండి. ఒంటరిగా వదలకండి. ఇంట్లో నానమ్మ నిద్రమాత్రలు, బీపీ మాత్రలు ఉంటే తీసి తాళం వేయండి. ఎలా, ఎప్పుడు అని కూడా అనుకుని పెట్టుకున్నాడని తెలిస్తే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. మాట్లాడటానికి టెలీ మానస్ నంబరు 14416 ఉంది. కేంద్ర ప్రభుత్వానిది, 24 గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

రెండోది ఫోన్. దాన్ని తిరిగి ఇప్పించడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ నేనైతే అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆ ఫోన్‌లో ‘చెడగొట్టే’ స్నేహితులు ఉన్నారని నాన్న భయం. అతను ఎవరికీ దాచకుండా మాట్లాడుకోగలిగిన మనుషులు కూడా అందులోనే ఉన్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీకి చెందిన కెయిట్లిన్ ర్యాన్ బృందం 2009లో పీడియాట్రిక్స్ పత్రికలో ఒక అధ్యయనం వేసింది. ఇంట్లో తీవ్రంగా తిరస్కారానికి గురైన గే, లెస్బియన్ (ఆడవాళ్ల పట్ల ఆకర్షణ ఉన్న ఆడపిల్లలు), బైసెక్సువల్ (ఆడ, మగ ఇద్దరి పట్లా ఆకర్షణ ఉన్నవాళ్లు) యువతలో ఆత్మహత్యాయత్నం చేశామని చెప్పినవాళ్లు, తిరస్కారం లేనివాళ్లతో, తక్కువ ఉన్నవాళ్లతో పోలిస్తే 8.4 రెట్లు ఎక్కువ. ఆ పిల్లలు అమెరికావాళ్లు, మన ఇళ్లు వేరు, నిజమే. కానీ తిరస్కారం కింద వాళ్లు లెక్కలోకి తీసుకున్నవి చూస్తే మన ఇళ్లలో రోజూ జరిగేవే: స్నేహితుల్ని కలవనివ్వకపోవడం, ఎవరికీ చెప్పొద్దని నోరు నొక్కడం, నీవల్ల పరువు పోయిందనడం. ఇంకో సంగతి కూడా ఆ పరిశోధకులు చెప్పారు. ఇలా చేసే తల్లిదండ్రుల్లో చాలామంది బిడ్డని కాపాడుకుంటున్నాం అనుకునే చేస్తారు. మీ నాన్నతో మాట్లాడేటప్పుడు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. ఆయన్ని రాక్షసుణ్ణి చేస్తే ఆయన రారు.

ఇప్పుడు పెద్దనాన్న చెప్పిన డాక్టరు సంగతి. దీనిమీద నాకు మొహమాటం లేదు: తీసుకెళ్లవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న స్వలింగ ఆకర్షణని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. ఇది మానసిక రోగం కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లో స్పష్టంగా ప్రకటించింది. మార్చడానికి ఇచ్చే చికిత్స ఏదైనా వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తుందని జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్రాల వైద్య మండళ్లకి రాసింది. లేని జబ్బుకి మందు ఉండదు కాబట్టి ఇలాంటి చోట్ల ఏం చేస్తారంటే హార్మోన్ ఇంజెక్షన్లు అంటారు, హిప్నాటిజం అంటారు, కొన్ని చోట్ల కరెంటు షాకుల దాకా వెళ్తారు, చివరికి ‘పెళ్లి చేసేయండి, అదే సర్దుకుంటుంది’ అని పంపేస్తారు. డబ్బు పోవడం అన్నిటికంటే చిన్న నష్టం. ఆ గదిలోంచి బయటికి వచ్చిన పిల్లవాడు ఆ తర్వాత నిజమైన డాక్టరు దగ్గరికి కూడా రాడు.

పెద్దనాన్నతో వాదన పెట్టుకుంటే మీరు గెలవలేరు, వయసులో చిన్నవాళ్లు. దానికి బదులు ఒక పని చేయండి. ‘సరే పెద్దనాన్నా, వెళ్దాం. కానీ జబ్బు పేరేంటో, ఇచ్చే చికిత్స ఏంటో ఆయన్ని తన లెటర్‌హెడ్ మీద రాసి, రిజిస్ట్రేషన్ నంబరుతో సంతకం పెట్టమనండి, అది చూశాక వెళ్దాం’ అనండి. రాసిచ్చిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. అమ్మకి కూడా ఇది అర్థమయ్యే తర్కమే, ఆమె రక్తపరీక్ష రిపోర్టు లేకుండా షుగర్ మాత్ర వేసుకోదు కదా.

సైకియాట్రిస్టు అవసరమే లేదని మాత్రం అనుకోకండి. తమ్ముడికి నిద్ర పట్టకపోయినా, తిండి మానేసినా, చదువు మీద ధ్యాస పోయినా అది డిప్రెషన్ కావచ్చు, దానికి మంచి మందులున్నాయి. అమ్మకి కూడా అవసరం పడొచ్చు. తేడా ఎక్కడంటే, మంచి డాక్టరు డిప్రెషన్‌కి మందిస్తాడు, గే అయినందుకు ఇవ్వడు.

ఇక థెరపీ. మొదట అమ్మానాన్నలు విడిగా రావాలని ఎందుకన్నానో చెబుతాను. మీ అమ్మ మనసులో ఇప్పుడు ఉన్న మాటలు చాలా భయంకరంగా ఉంటాయి. ‘పుట్టకపోయినా బాగుండేది’, ‘నా పెంపకంలోనే ఏదో లోపం’, ‘కడుపుతో ఉన్నప్పుడు ఆడపిల్ల కావాలని మొక్కుకున్నా, అందుకే ఇలా అయ్యాడా’. చివరిది నేను కల్పించింది కాదు, ఇలాంటివి తరచూ వింటాం. ఈ మాటలు ఎక్కడో ఒకచోట బయటికి రావాలి. ఇంట్లో వస్తే అవి తమ్ముడి చెవిన పడతాయి. ఒకసారి విన్నాక అతను పదేళ్లయినా మర్చిపోడు. థెరపిస్టు ముందు అయితే అవి ఎవరికీ తగలవు. ఆమె ఏడవచ్చు, దేవుణ్ణి తిట్టొచ్చు, కొడుకునీ తిట్టొచ్చు. ఆమె ఊహించుకున్న కోడలు, మనవలు, సీమంతం, బారసాల అన్నీ ఒక్క రాత్రిలో పోయాయి. మనకి అది మూర్ఖత్వంలా కనిపించినా ఆమెకి అది నిజమైన దుఃఖం. దాన్ని దుఃఖంగానే తీసుకుని కూర్చునే మనిషి కావాలి. ‘మీరు పాతకాలం మనిషి, మారాలి’ అని మొదటి రోజే క్లాసు పీకే థెరపిస్టు దొరికితే ఆమె రెండో రోజు రాదు.

నాన్నలు వేరేగా ఉంటారు. ఎక్కువమంది ఏడవరు. ‘టెక్నికల్‌గా చెప్పండి మేడమ్, దీనికి సొల్యూషన్ ఏంటి’ అంటారు. తర్వాత వచ్చేవి ప్రశ్నలు: ఆపరేషన్ చేయించుకుంటాడా, చీర కట్టుకుంటాడా, ఎయిడ్స్ వస్తుందా, ముసలితనంలో ఎవరు చూస్తారు, ఆఫీసులో తెలిస్తే. వాటికి ఒక్కొక్కదానికి సమాచారం ఇవ్వాలి, నవ్వకుండా, తిప్పికొట్టకుండా. గే అయినవాడు తనని మగవాడిగానే అనుకుంటాడని, ట్రాన్స్‌జెండర్ (పుట్టినప్పుడు ఆడ లేదా మగ అని రాసినదానికి వేరుగా తనని తాను అనుకునేవాళ్లు) అనేది వేరే విషయమని, చాలామంది నాన్నలకి ఆ గదిలోనే మొదటిసారి తెలుస్తుంది. హెచ్‌ఐవీ అనేది ఎక్కువగా జాగ్రత్త తీసుకోని సంబంధాల వల్ల వస్తుంది, ఎవరికైనా రావచ్చు. ఇంత చెప్పినా ఆయన మౌనంగా ఉంటే తొందరపడను. ఆ మౌనం వెనక చాలాసార్లు ఇంకో కథ ఉంటుంది: కాలేజీలో అందరూ కలిసి ఏడిపించిన ఒక క్లాస్‌మేట్, ఆ గుంపులో తానూ ఉండటం. తన కొడుకుని రేపు ఎవరో అలాగే ఏడిపిస్తారని ఆయనకి బాగా తెలుసు.

ఇలాంటి నాన్నలకి నేను చెప్పే సంగతి ఒకటుంది. 2021లో మద్రాస్ హైకోర్టుకి ఇద్దరమ్మాయిల కేసు వచ్చింది, కలిసి బతకాలని ఇల్లు వదిలి వచ్చారు, తల్లిదండ్రులు మిస్సింగ్ కేసు పెట్టారు. జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఆ అమ్మాయిల్నీ తల్లిదండ్రుల్నీ కౌన్సెలింగ్‌కి పంపడమే కాకుండా, ఈ విషయం తనకీ సరిగా అర్థం కావాలని తానే ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని తెలుసుకున్నారు, ఆ తర్వాతే తీర్పు రాశారు. హైకోర్టు జడ్జి కూర్చోగా లేనిది, మనం ఒక గంట కూర్చుంటే తప్పేంటి అంటే చాలామంది కాస్త సడలుతారు.

తమ్ముడితో కూడా విడిగా మాట్లాడతారు. అక్కడ చెప్పింది అమ్మానాన్నలకి చేరదు. ప్రాణానికి ప్రమాదం ఉంటే తప్ప ఆ రహస్యం బయటపెట్టనని థెరపిస్టు మొదటి రోజే అందరి ముందూ చెప్పాలి, చెప్పకపోతే మీరు అడగండి. అమెరికాలో గై డైమండ్, ఆయనతో పనిచేసినవాళ్లు ఆత్మహత్య ఆలోచనలున్న టీనేజర్ల కోసం ఒక ఫ్యామిలీ థెరపీ పద్ధతి తయారుచేశారు, తర్వాత దాన్ని గే, లెస్బియన్ పిల్లలున్న ఇళ్లకి తగ్గట్టు మార్చారు. ఆ మార్పుల్లో ముఖ్యమైనది, తల్లిదండ్రుల బాధకి విడిగా ఎక్కువ సమయం ఇవ్వడం. అందులో మొదటి రోజు అడిగే ప్రశ్న నాకు చాలా ఇష్టం. మన మాటల్లో చెబితే ఇలా ఉంటుంది: ‘నీకు అంత కష్టంగా ఉన్నప్పుడు అమ్మ దగ్గరికి వెళ్లి ఎందుకు చెప్పుకోలేకపోయావు?’ చూడండి, ఆ ప్రశ్నతో గది మొత్తం తిరుగుతుంది. అప్పటిదాకా అందరూ ‘వీడు ఎందుకిలా అయ్యాడు’ అని చూస్తుంటారు. ఇప్పుడు అమ్మ ‘నా దగ్గరికి ఎందుకు రాలేదు’ అని చూస్తుంది. ఆ ప్రశ్నకి జవాబు ఏ తల్లికైనా కావాలి.

ఆ జవాబు చెప్పడానికి అతన్ని, వినడానికి అమ్మానాన్నల్ని సిద్ధం చేయడమే నడిమధ్య పని. కొన్ని ఇళ్లలో అది నెలన్నరలో అవుతుంది, కొన్నింట్లో ఏడాది పడుతుంది. వివరాలు మార్చి ఒక ఇంటి సంగతి చెబుతాను. ఆ అబ్బాయి కలిసి కూర్చున్న రోజు అమ్మతో అన్నది గే అన్న విషయం గురించే కాదు. ఇంటర్ కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో తనని నడక చూసి ఏడిపించేవారని, బాత్రూమ్‌కి వెళ్లాలంటే భయపడి నీళ్లు తాగడం మానేశాడని, ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఆమె ప్రతిసారీ ర్యాంకు ఎంతొచ్చింది అనే అడిగిందని చెప్పాడు. ఆమె క్షమించమని అడగలేదు, మన తల్లులు అలా అడగరు. ‘అన్నం సరిగా పెట్టేవారా అక్కడ?’ అంది. ఆ అబ్బాయికి అది చాలింది. ఆ రోజుకి ‘గే’ అన్న మాట ఆమె నోటి నుంచి రాలేదు, ఆ తర్వాత కూడా చాలాకాలం రాలేదు. కానీ కొడుకు రాత్రి ఇంటికి రావడం ఆలస్యమైతే ఫోన్ చేయడం మళ్లీ మొదలుపెట్టింది.

కాబట్టి థెరపీ దగ్గర ఏం ఆశించాలో ముందే తేల్చుకోండి. అమ్మ వెంటనే ఒప్పుకోవాలి, ప్రైడ్ మార్చ్‌కి (గే, ట్రాన్స్‌జెండర్ వాళ్లు దాచుకోకుండా బయటికి వచ్చి చేసే ఊరేగింపుకి) రావాలి అని పెట్టుకుంటే అందరికీ నిరాశే. ఇంట్లో కొట్టడం, తిట్టడం, ఇంట్లోంచి పొమ్మనడం ఆగాలి. చదువు ఆగకూడదు. అన్నం దగ్గర మాట ఉండాలి. మొదటి మూడు నెలలకి నేనైతే ఇంతే అడుగుతాను.

మీ గురించి కూడా చెప్పాలి. మీ ఉత్తరంలో మీ పెళ్లి సంగతి ఒక్క వాక్యంలో దాటేశారు. ఇంట్లో అది అంత చిన్న విషయం కాదని నా అనుమానం. ‘వీడి సంగతి బయటపడితే దానికి సంబంధం ఎలా కుదురుతుంది’ అన్నది అమ్మానాన్నల టెన్షన్‌లో సగం ఉంటుంది. మీకూ తమ్ముడి మీద కోపం ఉండొచ్చు, ఆ కోపం వచ్చినందుకు సిగ్గు కూడా ఉండొచ్చు. థెరపీలో మీకూ ఒక గంట విడిగా అడగండి. ఇంకోటి, ఇప్పుడు మీరు ఇంట్లో పోస్ట్‌మ్యాన్ అయిపోయారు: నాన్న మాట తమ్ముడికి, తమ్ముడి మాట అమ్మకి మీరే మోస్తున్నారు. ప్రేమతోనే చేస్తున్నారు. కానీ మీరు మోసినన్నాళ్లూ వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడాల్సిన అవసరం రాదు. ‘ఆ మాట మీరే వాడితో చెప్పండి నాన్నా’ అని మెల్లగా తప్పుకోవడం మొదలుపెట్టండి. అన్నం వడ్డించారా, ఫీజు కట్టారా లాంటి చిన్న మాటలతో మొదలైనా చాలు.

‘పెళ్లి చేస్తే సర్దుకుంటాడు’ అన్న మాట మీ ఇంట్లో ఇంకా రాకపోతే త్వరలో వస్తుంది. దీనికి జవాబు చెప్పడానికి మీ కంటే తగినవాళ్లు లేరు. అమ్మ మనసు కాస్త నెమ్మదించిన రోజు చూసి అడగండి: ‘రేపు నాకు చూసే అబ్బాయి ఇలాంటివాడే అయ్యుండి, వాళ్లింట్లో మన దగ్గర దాచిపెట్టి చేస్తే నువ్వు ఊరుకుంటావా అమ్మా?’ అలా మోసపోయిన ఆడపిల్లలు కూడా నా దగ్గరికి వస్తారు. వాళ్ల జీవితం ఎవరి లెక్కలోనూ ఉండదు. పెళ్లి మాటకి అన్నదమ్ము లాంటిది ఇంకోటుంది, ‘ఎంఎస్‌కి అమెరికా పంపించేద్దాం’. చదువు కోసం, అతను కోరుకుని వెళ్తే బ్రహ్మాండం. కళ్లముందు లేకుండా చేయడానికి పంపితే మాత్రం అక్కడి చలిలో ఒంటరిగా ఉన్న కుర్రాడికి ఇంటి నుంచి ఫోన్ కూడా రాని పరిస్థితి అవుతుంది.

బంధువుల్లో ఎవరికి చెప్పాలి అన్నది తమ్ముడు నిర్ణయించాలి. పెద్దనాన్నకి తెలిసిపోయింది, అది వెనక్కి తీసుకోలేం. ఇక నుంచి అతన్ని అడగకుండా మేనత్తకి, బాబాయికి చెప్పొద్దని అమ్మానాన్నలతో ఒక ఒప్పందం చేసుకోవాలి, ఇది థెరపీలో మొదట్లోనే కుదిరే విషయం. నానమ్మ గురించి మీరు చాలా భయపడ్డారు. పెద్దవాళ్లు ఒక్కోసారి ఆశ్చర్యపరుస్తారు. బోనాల్లో అమ్మవారు పూని ఊగే శివసత్తుల్లో మగపుట్టుక పుట్టి చీర కట్టినవాళ్లని ఆ తరం చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది, పసుపు కుంకుమ ఇచ్చి దండం పెట్టింది. దానివల్ల మనవడి విషయం తేలిగ్గా తీసుకుంటుందని హామీ ఇవ్వలేను. ‘ఇది ఫోన్లు వచ్చాక పుట్టిన రోగం’ అని మాత్రం ఆమె అనదు.

దేవుడి సంగతి కూడా అడిగారు, అమ్మ గుళ్లు తిరుగుతోందని. తిరగనివ్వండి. చర్చిలో ప్రార్థనలు చేయించేవాళ్లు, దర్గాకి వెళ్లేవాళ్లు, తాయెత్తు కట్టించేవాళ్లు, అందరూ మా దగ్గరికి వస్తారు. అమ్మ భక్తితో థెరపిస్టు పోట్లాడకూడదు. తమ్ముణ్ణి బలవంతంగా కూర్చోబెట్టి పూజలు, ఉపవాసాలు, భూతవైద్యం అంటే మాత్రం అడ్డుపడాలి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్నదానికి పేర్లు ఇక్కడ రాయను, ఎలా ఎంచుకోవాలో చెబుతాను. సైకియాట్రిస్టు అయితే వైద్య మండలి రిజిస్ట్రేషన్, క్లినికల్ సైకాలజిస్టు అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. కౌన్సెలర్ అనే బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు కాబట్టి ఎక్కడ చదివారో, ఫ్యామిలీ థెరపీలో శిక్షణ ఉందో లేదో అడగండి. ఫోన్‌లోనే సూటిగా అడగండి: ‘మా తమ్ముడు గే. మీరు దాన్ని మార్చడానికి ప్రయత్నిస్తారా?’ జవాబు ‘లేదు’ అని ఒక్క మాటలో రావాలి. ‘ముందు తీసుకురండి, ఎంతవరకు ఉందో చూద్దాం’, ‘వయసు ప్రభావం కావచ్చు’ అంటే ఫోన్ పెట్టేయండి. ఇంతకుముందు ఇలాంటి కుటుంబాలతో పనిచేశారా, తల్లిదండ్రుల్ని విడిగా చూస్తారా, తెలుగులో మాట్లాడతారా అని కూడా అడగండి. చివరిది చాలామంది పట్టించుకోరు. ఇంగ్లిష్‌లో బాగా పేరున్న థెరపిస్టు దగ్గర తమ్ముడు హాయిగా మాట్లాడతాడు, అమ్మ ఎస్ మేడమ్, నో మేడమ్ అని వచ్చేస్తుంది. ఫీజు ముందే అడగడంలో నామోషీ ఏమీ లేదు, ఒకటి రెండు రోజుల్లో అయ్యే పని కాదు కదా. అంత భరించలేకపోతే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి. ఎర్రగడ్డ పేరు చెబితే మన ఊళ్లో జోకులేస్తారు, నాన్న ఆ మాటకే లేచిపోవచ్చు. అక్కడ మంచి డాక్టర్లు ఉన్నారు, కానీ మొదటి అపాయింట్‌మెంట్‌కి ఆ పేరుతో గొడవ అవసరమా అన్నది మీరే చూసుకోండి.

తెలిసినవాళ్లు ఎవరైనా చూస్తారని భయమైతే ఊరికి అవతలి వైపు వెళ్లండి, కూకట్‌పల్లివాళ్లు సికింద్రాబాద్ వైపు, ఎల్బీనగర్ వాళ్లు ఇటువైపు రావడం మాకు మామూలే. ఆన్‌లైన్ కూడా బాగానే పనిచేస్తుంది. చిక్కేంటంటే రెండు బెడ్రూముల ఫ్లాటులో గోడలకి చెవులుంటాయి. చాలామంది నాన్నలు కింద పార్కింగ్‌లో కారు అద్దాలు ఎత్తుకుని మాట్లాడతారు. ఇంటి బయట ఉన్నందుకో ఏమో, కొందరు అక్కడే బాగా మాట్లాడతారు కూడా.

అమ్మానాన్నల్ని పిలిచేటప్పుడు ‘మీరు మారాలి, మీకు కౌన్సెలింగ్ కావాలి’ అనకండి. అమ్మతో ‘నెల నుంచి నువ్వు నిద్రపోవడం లేదు, ఎవరితోనైనా ఒకసారి మాట్లాడు’ అనండి. ఇందులో అబద్ధం లేదు. నాన్నతో ‘వాడు ఏమైనా చేసుకుంటాడేమో అని నాకు భయంగా ఉంది, ఏం జాగ్రత్తలు తీసుకోవాలో మీరే కనుక్కోండి’ అనండి. బాధ్యత అప్పగిస్తే నాన్నలు వస్తారు.

చట్టం గురించి రెండు మాటలు, ఇంట్లో ఎవరైనా పోలీసులంటూ బెదిరిస్తే పనికొస్తాయి. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు నవ్‌తేజ్ సింగ్ జోహర్ కేసులో ఇచ్చిన తీర్పుతో, ఇష్టపూర్వకంగా కలిసే పెద్దవాళ్ల సంబంధం నేరం కాకుండా పోయింది. తమ్ముడికి 19, మేజర్. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం లైంగికత కారణంగా ఎవరికీ వైద్యంలో వివక్ష చూపకూడదు. 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలని గుర్తించడానికి నిరాకరించింది, అది వాస్తవం, అమ్మతో దాచొద్దు. 2024లో మాత్రం ఒక కేరళ కేసులో, ఇలాంటివాళ్ల మనసు మార్చడానికి కోర్టులు కౌన్సెలింగ్‌ని సాధనంగా వాడకూడదని చెప్పింది. ఈ వివరాలతో అమ్మానాన్నల్ని భయపెట్టకండి. దగ్గర పెట్టుకోండి చాలు.

ఇది చదివే వేరేవాళ్ల కోసం: మీ బిడ్డ ట్రాన్స్‌జెండర్ అయితే చాలా విషయాలు ఇంతే, కొన్ని వేరు. పేరు, బట్టలు, కాలేజీ సర్టిఫికెట్లు, హార్మోన్లు అన్నీ ప్రశ్నలే, వాటికి నిదానంగా నిపుణుల దగ్గర జవాబులు వెతకాలి. సొంతంగా మాత్రలు కొనుక్కోకుండా చూడాలి. ఆ తల్లుల భయం దాదాపు ఎప్పుడూ ఒకటే, సిగ్నల్స్ దగ్గర చేయి చాపుతాడేమో అని. 2024 డిసెంబర్‌లో ఇదే హైదరాబాద్ సిగ్నల్స్ దగ్గర పనిచేయడానికి ప్రభుత్వం 39 మంది ట్రాన్స్‌జెండర్లని ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకుంది. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు ఉద్యోగంలో చేరారు. ట్రాన్స్‌జెండర్లని పోలీసు రిజిస్టర్లలో ఎక్కించే 1919 నాటి నిజాం చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టేసింది. చేయి చాపాల్సిన పరిస్థితి ఎక్కువగా ఇంట్లోంచి తరిమేస్తే, చదువు ఆగిపోతే వస్తుంది. ఆ రెండూ తల్లిదండ్రుల చేతిలో ఉన్నవే.

చివరగా, అమ్మానాన్నలు రామంటే ఏం చేయాలి అన్నారు. తమ్ముణ్ణి అడిగి, అతను సరే అంటే మీరిద్దరూ వెళ్లండి. వచ్చినవాళ్లతోనే ఫ్యామిలీ థెరపీ మొదలుపెట్టొచ్చు, ఒక్కరితో కూడా. చాలా ఇళ్లలో అమ్మ ఐదో వారమో ఆరో వారమో ‘ఏం మాట్లాడతారు అక్కడ?’ అని అడుగుతుంది. అప్పుడు ‘నిన్నూ ఒకసారి రమ్మన్నారు’ అనండి, ఎక్కువ వివరించకండి. నాన్న వచ్చి మధ్యలో లేచి వెళ్లిపోయినా కంగారుపడొద్దు, మళ్లీ ఫోన్ చేసి పిలవడం థెరపిస్టు పని, మీది కాదు. తమ్ముణ్ణి అడక్కుండా మాత్రం అపాయింట్‌మెంట్ తీసుకోకండి. సెమిస్టర్ పరీక్షలు ఎప్పుడో కనుక్కుని, వాటికి అడ్డు రాకుండా శనివారం సాయంత్రం ఏదైనా అడగండి. నేను పైన మొదట చెప్పిన ప్రశ్న అతన్ని ఈ రోజే అడిగి, ఏమన్నాడో ఇక్కడ రాయండి. తర్వాత ఏం చేయాలో దాన్ని బట్టి చెబుతాను.